జుబైల్‌లో ఒక దోన్ తక్కువ

నేను సౌదీ అరేబియాకు పది రోజులు వెళ్లి, అక్కడ పోర్చుగీసు వాళ్ల చేత డాక్టర్ అనిపించుకుని తిరిగి వచ్చాను. మా వీధిలో ఇంకా ఎవరూ గుర్తించలేదు.

వెళ్లింది అనువాదం పని మీద. డిగ్రీ అయ్యాక హైదరాబాదులో రెండేళ్లు స్పానిష్ నేర్చుకున్నాను. ఎందుకని ఇంట్లో అడిగినప్పుడు మాట దాటేశాను. ఇప్పుడు అడిగితే జుబైల్ అని చెబుతాను. ఆ ఊళ్లో పెట్రోకెమికల్ ప్లాంట్లు కొన్నేళ్లకోసారి షట్‌డౌన్‌కు వస్తాయి. అంటే ప్లాంటంతా ఆపేసి, గొట్టాలు విప్పి, పాతవి మార్చి, మళ్లీ బిగించడం. అలాంటి పనొకటి ఒక స్పెయిన్ కంపెనీ పట్టింది. పని చివరికొచ్చేసరికి కాగితాలు కొండంత పేరుకున్నాయి. వాటిని స్పానిష్ నుంచి ఇంగ్లిషులోకి దించడానికి ఒక మనిషి కావాలన్నారు. చౌకగా దొరికినవాణ్ని నేను.

పరదేశి పనివాళ్ల మీద అక్కడి సర్కారు తలకింత అని వేసే పన్ను, లెవీ, పెరిగిన రోజులవి. మన జిల్లాల వాళ్లు మూటాముల్లే కట్టుకుని ఇంటికొస్తున్న రోజులు. "అందరు అక్కడికెల్లి వస్తుంటే నువ్వు పోతున్నవేందిరా" అన్నాడు మా మేనమామ. ఆయనకు లోకజ్ఞానం ఎక్కువ.

దమ్మాం

విమానంలో నా పక్క సీటు ఓబులమ్మది. రాయచోటి దగ్గర పల్లె. దమ్మాంలో ఒక ఇంట్లో వంటా, ఊడ్పులూ చేస్తుంది. సెలవు అయిపోయి వెనక్కి వెళ్తోంది. దిగబోయే ముందు, విమానంలో పంచిన వివరాల కాగితం నా చేతిలో పెట్టింది.

"నాయనా, ఇది రోంత రాసియ్యి. కండ్లు ఆనడంల్యా."

రాశాను. ఎవరింట్లో పని అని అడిగితే, "బాబా ఇంట్లో" అంది.

"బాబా అంటే?"

"ఇంటాయప్ప. నాయన అని అర్థమంట. ఆయమ్మను మామా అనల్ల, అంటే అమ్మ. బాబాకు ఇరవై తొమ్మిదేండ్లు. నా చిన్నకొడుకు కంటే చిన్నోడు. దినానికి నూరుసార్లు వాణ్ని నాయనా నాయనా అని పిలిచేదే నా పని."

"మరి వాళ్లు నిన్నేమంటారమ్మా?"

"పిల్లోళ్లు ఓబూ అంటారు. పెద్దోళ్లు పిలవరు, గంట కొడతారు." మళ్లీ తనే అంది: "గంటే మేలు నాయనా. పేరు అరగదు."

వేలిముద్రల వరసలో ఆమె నాకంటే ముందు బయటపడింది. వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. పిలుపుల గురించి నేను ఆ పది రోజుల్లో నేర్చుకున్నదానికి మొదటి పాఠం అదే. అప్పటికి నాకు తెలియదు.

జుబైల్ దారి

దమ్మాం నుంచి గంట ప్రయాణం. ఇసుక, కరెంటు స్తంభాలు, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డ ఒంటెలు. ఊరు దగ్గరపడేకొద్దీ పొడుగాటి గొట్టాల కొసన మంటలు, పట్టపగలు కూడా. ఊరు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. మా కరీంనగర్‌లో ఒక్క సందు అంత తిన్నగా ఉంటే దానికి ఎవరో ఒక నాయకుడి పేరు పెట్టేవాళ్లం.

షావర్మా ఐదు రియాళ్లు, మలయాళీ హోటల్లో కరక్ చాయ్ రెండు. మొదటి రోజు ప్రతి ముద్దనూ పద్దెనిమిదితో గుణించి, రూపాయల్లో లెక్కేసుకుని తిన్నాను. మూడో రోజుకు గుణించడం మానేశాను. ఒళ్లు చేశాను.

నమాజు వేళ దుకాణాలు మూసేస్తారని విన్నాను. కొనేవాడు లోపల ఉండగానే షట్టర్ దించేస్తారని ఎవరూ చెప్పలేదు. సబ్బుల అరల మధ్య ఇరవై నిమిషాలు ఉండిపోయాను. అన్ని సబ్బులూ చదివాను. నా జీవితంలో అంత శ్రద్ధగా చదివిన పాఠ్యం ఇంకోటి లేదు.

ఆ దేశంలో కంపెనీలకు కూడా హోదాలుంటాయని రెండో రోజు తెలిసింది. ఎంతమంది సౌదీలను పనిలో పెట్టుకుంటే అంత మంచి రంగు: ప్లాటినం, పచ్చ, పసుపు, ఎరుపు. నితాకాత్ అంటారు దాన్ని. ఎరుపులో పడ్డ కంపెనీ తన మనుషుల ఇకామాలను, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులను, మళ్లీ చేయించడానికి వీల్లేదు. మనవాళ్లు పొద్దున్నే లేచి అడిగేది వాతావరణం కాదు, కంపెనీ రంగు.

దోన్ అన్సెల్మో ఆఫీసు

నేను పనిచేయాల్సిన చోటు ప్లాంటు పక్కన ఒక పొడవాటి రేకుల గది. దానికి పెద్ద అన్సెల్మో. అరవై నాలుగేళ్లు, నెరిసిన మీసం, దక్షిణ స్పెయిన్‌లో ఆలివ్ తోటల మధ్య ఊరు. తోటి స్పెయిన్ వాళ్ల నుంచి టీ పోసే నేపాలీ వరకూ అందరూ ఆయన్ను "దోన్ అన్సెల్మో" అంటారు. మనం సినిమాల్లో విని భయపడే డాన్ ఇదే మాట. ఈయన మాత్రం కాఫీ మిషన్ చెడితే తప్ప ఎవరినీ భయపెట్టడు.

ఈ మాటల పుట్టుపూర్వోత్తరాలంటే నాకు పిచ్చి. మొదటి కాఫీకే అడిగేశాను.

"లాటిన్‌లో దోమినుస్ అంటే ఇంటి యజమాని," అన్నాడాయన. "అది అరిగి అరిగి దోన్ అయింది. మొదట్లో రాజులకు, మతపెద్దలకు. తర్వాత రాజు ఎవరికిస్తే వాళ్లకు. ఖజానా ఖాళీ అయినప్పుడు డబ్బు కట్టినవాళ్లకు. ఆ తర్వాత చదువుకున్నవాళ్లకు. ఇప్పుడు మీసం నెరిసినవాళ్లందరికీ. అందుకే నాదాకా వచ్చింది."

రెండు నియమాలు చెప్పాడు. ఒకటి, దోన్ అనేది పెట్టిన పేరుకే తగులుతుంది, ఇంటిపేరుకు తగలదు. ఇంటిపేరుకైతే సెన్యోర్. రెండు, ఎవరికి వారు తగిలించుకోకూడదు. ఎదుటివాళ్లు ఇవ్వాల్సిందే. మా గారు కూడా అంతేనన్నాను. తన లెటర్‌హెడ్డు మీద తన పేరు పక్కనే గారు అచ్చేయించుకున్న కాంట్రాక్టరు ఒకాయన మా ఊళ్లో ఉన్న సంగతి చెప్పలేదు. దేశం పరువు.

సెన్యోర్ అంటే వయసులో పెద్దవాడట. మన నోట అరిగిపోయిన సార్ కూడా ఆ వేరు నుంచే. పక్కన ఖర్జూరాల పళ్లెంతో కూర్చున్న నాసిర్ "మా షేక్ అన్నా అంతే, ముసలాయన" అని నవ్వాడు. నాసిర్ సౌదీ కుర్రాడు. స్పెయిన్ వాళ్లతో కలిసి పనిచేసే ఒక సౌదీ కంపెనీలో, పచ్చ రంగు కంపెనీలో, మనుషుల వ్యవహారాలు చూస్తాడు. మా దేశంలో ఊరిపెద్దను అల్కాల్దే అంటారు, అది మీ అల్ ఖాదీ, అంటే ఖాజీయే అని అన్సెల్మో చెప్పగానే నాసిర్ ఇంకో రెండు ఖర్జూరాలు ఆయన ముందుకు జరిపాడు. భాషాశాస్త్రానికి అంత తక్షణ ఫలం నేను మరెక్కడా చూడలేదు.

స్పెయిన్ వాళ్లు మర్యాదగా "మీరు" అనే మాట కూడా నిజానికి "మీ దయ" అన్న రెండు మాటల ముద్ద. మనం తమరు అంటాం కదా, ఆ దారిలోనిదే. పోర్చుగీసులో ఆ ముద్దే ఇంకా అరిగి చనువు మాటైపోయింది. పెద్దవాళ్లను అలా పిలిస్తే లిస్బన్‌లో కనుబొమలు ముడుస్తారట.

ముడిచే కనుబొమలు మా గదిలోనే ఉన్నాయి. తెలెస్, పోర్చుగీసు ఇంజనీరు, నాణ్యత విభాగానికి పెద్ద. మెడదాకా బొత్తాలు, జేబులో మూడు పెన్నులు, చేతిలో నోటుపుస్తకం. స్పానిష్ దోన్‌ను పోర్చుగీసులో దోం అంటారని నేనెక్కడో చదివాను. మర్యాదలో తక్కువ కాకూడదని ఆయనకు పంపిన నా మొదటి కాగితం మీద "దోం తెలెస్" అని రాశాను. పావుగంటలో ఆఫీసంతా పాకింది. పోర్చుగల్‌లో ఆ మాట రాజులకూ బిషప్పులకూ తప్ప మిగల్లేదట. ఒక ఫోర్‌మన్ మోకాలు వంచి ఆయన ఉంగరం ముద్దు పెట్టుకోబోయాడు.

తెలెస్ నవ్వలేదు. "దోక్తోర్, నేను ఇంజనీరుని. ఇంజనీర్ల సంఘంలో నా పేరు నమోదై ఉంది. నాకది చాలు."

దోక్తోర్ అంటే నేనే. వాళ్ల దేశంలో డిగ్రీ పాసైన ప్రతివాణ్నీ అలాగే పిలుస్తారట. ఏ క్లాసులో పాసయ్యానో ఆయన అడగలేదు. నేనూ ఆ చర్చ ఎత్తలేదు.

కాంపు మెస్సు

శుక్రవారం సెలవు. ఊరి అంచున ఉన్న పనివాళ్ల కాంపులో మనవాళ్ల మెస్సు ఉందంటే భోజనానికి వెళ్లాను. ముద్దపప్పు, పచ్చిపులుసు, మటన్. ఎదురుగా కూర్చున్నాయన నా కంచం చూసి అన్నాడు:

"ఏం సారు, కరీంనగర్ దిక్కా?"

"ఎట్ల తెలిసిందే?"

"పప్పుల పచ్చిపులుసు కలిపినవ్ గద. కోస్తోళ్లు గట్ల కలుపరు. ఏడుస్తరు."

ఆయన గడ్డం రాజయ్య. మెట్‌పల్లి దగ్గర ఊరు, యాభై రెండేళ్లు, జుబైల్‌లో పందొమ్మిదేళ్లు. పైపులు బిగించే పద్నాలుగు మంది ముఠాను నడిపేది ఆయనే. ఏ గొట్టం ముందు విప్పాలో, ఏది చివర ముట్టుకోవాలో ఆయన్నడిగే చేస్తారు. కార్డు మీద మాత్రం "ఆమిల్" అని ఉంది. కూలీ అని అర్థం. పందొమ్మిదేళ్ల కింద ఏం రాశారో ఇప్పటికీ అదే. పనిచోట పై అధికారులు ఆయన్ను "సదీక్" అంటారు, అంటే స్నేహితుడా అని. పేరు తెలుసుకునే తీరిక లేనివాళ్లకు అక్కడ అందరూ స్నేహితులే. ఇంకొందరు కుమార్ అంటారు. ఆ కాంపులో నాలుగు వందల మంది కుమార్‌లున్నారు, ఒక్కడి పేరూ కుమార్ కాదు.

స్పెయిన్ వాళ్ల పనికి మనుషులనిచ్చే ఆయన కంపెనీ ఎరుపులో పడింది. ఇకామా గడువు ఇంకా ఎనిమిది రోజులు. ఎరుపు కంపెనీ మనిషి పాత యజమానిని అడక్కుండానే పచ్చ కంపెనీకి మారొచ్చు. నాసిర్ కంపెనీలో ఒక చోటుంది కూడా. కానీ అది సూపర్‌వైజర్ చోటు, వాళ్ల మాటల్లో ముష్రిఫ్. ఈ సంగతి నాసిరే నాకు తర్వాత విడమరిచాడు. లెవీ తలకింత, ఆ తల కూలీదైనా సూపర్‌వైజర్‌దైనా అంతే. అందుకని వాళ్ల యజమాని కూలీ తలకు కట్టడు, సూపర్‌వైజర్ తలకే కడతాడు. రాజయ్య ఇన్నాళ్లూ సూపర్‌వైజర్ పనే చేశాడని స్పెయిన్ కంపెనీ ఉత్తరం ఇస్తే చాలు.

"రెండేండ్లే సారు," అన్నాడు రాజయ్య. "మా చిన్నబిడ్డ నర్సింగు చదువుతుంది. అది అయిపోతె ఎవ్వలు ఉండుమన్నా ఉండ. నువ్వు వాళ్ల భాష మాట్లాడ్తవట గద. జర నా ముచ్చట చెప్పరాదు?"

చెప్తానన్నాను. పక్కనున్న ముఠావాడొకడు నా కంచంలో ఇంకో మటన్ ముక్క వేశాడు. నా జీవితంలో అందుకున్న మొదటి లంచం. ఎముక లేని ముక్క.

తెలెస్ బల్ల

నేను అడగ్గానే అన్సెల్మో ఒప్పుకున్నాడు. ఆయన సంతకం ఒక్కటీ చాలదు. పనితనం గురించిన ఏ ఉత్తరం మీదైనా నాణ్యత విభాగం సంతకం పడాలి.

తెలెస్ రిజిస్టరు తెరిచి చూపించాడు. "ఇక్కడ హెల్పర్ అని ఉంది. బిగించిన ప్రతి కీలుకూ ఒక చీటీ కడతారు. ఆ చీటీల మీద వేరే సూపర్‌వైజర్ సంతకం ఉంది. ఈ మనిషి పేరు ఎక్కడుంది?"

"పని చేసింది ఈయనే అని అందరికీ తెలుసు," అన్నాను.

"దోక్తోర్, అందరికీ తెలిసిందాన్ని పుకారు అంటారు. హోదా అంటే కాగితం. కాగితంలో లేనిదానికి సంతకం పెడితే రేపు నా హోదాకు కూడా విలువ ఉండదు."

అన్సెల్మో బల్ల మీద చేత్తో కొట్టాడు. "మా దేశంలో పెద్దరికం జనం ఇస్తారు, కాగితం కాదు!"

"అందుకే మీ దేశంలో ఇంతమంది దోన్‌లు," అన్నాడు తెలెస్, పెన్ను మూత పెడుతూ.

ఆయన చెడ్డవాడు కాదు. అదే నా బాధ. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ని. రాజయ్యకు ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన కాసేపు తల ఊపి, "ఆయన చెప్పింది గూడ కరెక్టే గద సారు" అన్నాడు. నాకు ఇంకా కష్టమైంది.

నత్త

ఇంకో రెండు రోజులు పోయాయి. ఆ పొద్దున ప్రెజర్ టెస్టు. బిగించిన గొట్టాల్లోకి నీళ్లు ఒత్తిడితో ఎక్కించి ఎక్కడ కారుతుందో చూడటం. రెండు గొట్టాల అంచులు కలిసే చోట చుట్టూ బోల్టులు బిగిస్తారు, ఫ్లాంజ్ అంటారు. కారితే అక్కడే కారాలి. తెలెస్ ఒక్కొక్క ఫ్లాంజ్ దగ్గర ఆగి, వేలితో తడిమి, నోటుపుస్తకంలో రాసుకుంటూ నడుస్తున్నాడు. తేడా వచ్చినచోట పనివాళ్లతో మాట్లాడటానికి ఆయన వెనకే నేను.

ఒక ఫ్లాంజ్ దగ్గర ఆయన ఆగలేదు. "కరకోల్," అన్నాడు తనలో తాను. కాసేపటికి ఇంకోటి వదిలేశాడు. మళ్లీ అదే మాట.

"కరకోల్ అంటే నత్త కదా?"

"నత్త. అదిగో." బోల్టుల పక్కన తెల్ల రంగుతో చిన్న గుర్తు. "మూడు షట్‌డౌన్‌ల నుంచి చూస్తున్నాను. నత్త ఉన్న కీలు ఒక్కసారీ కారలేదు. ముందు నమ్మక అన్నీ పరీక్షించాను. ఇప్పుడు చివర్లో చూస్తాను. కీళ్ల మధ్య పెట్టే గాస్కెట్లు అమ్మేవాళ్ల మార్కేమో."

వంగి చూశాను. గుండ్రటి పెంకు, కుడివైపు పైకెత్తిన తల. నత్తే, సందేహం లేదు. కానీ ఆ నత్తను నేను ఒకటో తరగతిలో పలక మీద దిద్దాను.

"ఇది మార్కు కాదు. మా అక్షరం," అన్నాను. "రా. రాజయ్య పేరులో మొదటిది."

బొటనవేలితో దాని మీది దుమ్ము తుడిచాను. సముద్రం ఒడ్డున, ఆ ఇనుప అడవిలో, ఒక తెలుగు అక్షరం మూడు షట్‌డౌన్‌లుగా కారకుండా నిలబడి ఉంది. నేను సాధారణంగా భాషాభిమానిని కాను. ఆ రోజు ఎండ ఎక్కువగా ఉంది.

రాజయ్యను పిలిపించాడు తెలెస్. రాజయ్య వచ్చి, గుర్తు మీద ఆయన వేలు చూసి బెదిరిపోయాడు. "నేనే రాసిన సారు. తప్పయిందా? ఇప్పుడే తుడుస్త."

"ఎందుకు రాశాడో అడుగు."

అడిగాను. రాజయ్య హెల్మెట్ సర్దుకున్నాడు. "లీకైతే ఎవనిదో తెల్వాలె గద. చీటీ మీద ఇంకొకల్ల పేరుంటది. కారితే వాళ్లను తిడ్తరు. నేను దగ్గరుండి బిగిపిచ్చినదానికి నన్నే తిట్టాలె. గందుకు."

తెలెస్ ఆ జవాబును నా చేత రెండుసార్లు అనువాదం చేయించాడు. తర్వాత ఒక పైపు మీద కూర్చుని నోటుపుస్తకం మొదటి పేజీ నుంచి తిప్పడం మొదలెట్టాడు. కీళ్ల నంబర్ల పక్కన ఆయనే పెన్నుతో గీసుకున్న చిన్న చిన్న నత్తలు. పేజీ తర్వాత పేజీ. ఆయన సొంత చేతిరాతలో.

"నా కాగితంలోనే ఉంది," అన్నాడు. "మూడు షట్‌డౌన్‌లుగా ఉంది. చదవడం రానిది నాకు."

మెడ దగ్గరి బొత్తం ఒకటి విప్పుకున్నాడు. అది నేను చూడటం అదే మొదటిసారి.

ఉత్తరం

మర్నాడు ఉత్తరం. కంప్యూటర్‌లో రాజయ్య పేరు తలకిందులుగా ఉంది, గడ్డం అనేదే పెట్టిన పేరని. మాకు ఇంటిపేరు ముందొస్తుందని, దోన్ గడ్డం అని రాస్తే గౌరవం మొత్తం వంశానికి పంచినట్టవుతుందని చెప్పాను. అన్సెల్మో నవ్వి, తన చేతులతోనే టైపు కొట్టాడు: దోన్ రాజయ్య గడ్డం, పైపింగ్ సూపర్‌వైజర్. ఇద్దరి సంతకాలూ పడ్డాయి. రాజయ్యనూ, వాకిట్లో నిలబడ్డ ముఠానూ లోపలికి పిలిచి నన్ను చదివి వినిపించమన్నారు.

దోన్ దగ్గరకు రాగానే ముఠా ఈలలు వేసింది. "డాన్ రాజన్న! ఇగ మేం లేచి నిలబడాల్నా?"

"గీ డాన్ ఏంది సారు?" అన్నాడు రాజయ్య నవ్వుతూ.

"పెద్ద గౌరవమే అన్నా. పాతకాలంల ఇంటి యజమానిని అనేటోళ్లట. మన దిక్కు దొర అన్నట్టు."

ఆయన నవ్వు ఆగిపోయింది. ఈలలు కూడా.

"దొరనా?"

ఆయన నెమ్మదిగా అన్నాడు: "మా నాయిన దొర గడి ముంగటి నుంచి పోతె చెప్పులు చేతుల పట్టుకొని పోయెటోడు. ఇంట్ల రాజయ్య అని పెట్టుకున్నరు నాకు. గడిల రాజిగా అనే పిలిచిండు దొర. గా మాట నా పేరు ముంగట వద్దు సారు. తీసెయ్యమను."

"ఆయన మర్యాదకు రాసిండే."

"ఎర్కనే. మంచోడు. గని వద్దు. నా పేరు రాస్తె సాలు, నా పని రాస్తె సాలు."

గడువు నాలుగు రోజులుంది. సంతకాలు పడ్డ ఉత్తరం చేతిలో ఉంది. దిద్దిన కాగితం మీద తెలెస్ చచ్చినా సంతకం పెట్టడని ఆఫీసంతటికీ తెలుసు. ఏదో ఫారం ఇబ్బంది అని మెత్తగా చెప్పేద్దామా అని నాలోని అనువాదకుడు గొణిగాడు. కానీ రాజయ్య నా నోటివైపే చూస్తున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను, చెప్పులతో సహా.

అన్సెల్మో కళ్లజోడు తీసి తుడిచాడు.

"మా తాత ఆలివ్ తోటల్లో రోజుకూలీ," అన్నాడు. "తోట యజమాని దోన్ గుర్రం మీద వస్తే టోపీ తీసి, ఆయన కనిపించకుండా పోయేదాకా నిలబడేవాడు. మా తాతను ఊళ్లో తియో అనేవాళ్లు. బాబాయ్ అని. దోన్ అని ఎవరూ అనలేదు. నన్ను మొదటిసారి ఎవరో దోన్ అన్నప్పుడు నేను వెనక్కి తిరిగి చూశాను, గుర్రం ఎక్కడుందా అని."

తర్వాత రాజయ్య వైపు తిరిగి, "మరి ఏం రాయమంటాడు? ఉత్తరానికి ఏదో ఒకటి ఉండాలి. సెన్యోర్?"

సెన్యోర్ అంటే పెద్దమనిషి, వయసులో పెద్దాయన అని చెప్పాను.

రాజయ్య ఆలోచించాడు. "పెద్దమనిషా? గది నడుస్తది. వయసైతె అయింది గద, గది అబద్ధం గాదు."

"అయితే షేక్ రాజయ్య!" అన్నాడు నాసిర్. ముఠా మళ్లీ ఈలలు వేసింది.

ఇక తెలెస్. అందరం ఆయన వైపు చూశాం. ఆయన లేచి వచ్చి, మొదటి ఉత్తరం అందుకుని, నాలుగు ముక్కలుగా చింపి జేబులో పెట్టుకున్నాడు. కొత్తది అచ్చు కాగానే ముందు సంతకం ఆయనదే. కాగితం రాజయ్య చేతికి ఇచ్చేటప్పుడు నిటారుగా నిలబడి, "సెన్యోర్ రాజయ్య గడ్డం" అన్నాడు. ఆ మనిషి నోట ఆ మాట ఊరికే రాదు. రాజయ్య రెండు చేతులతో అందుకున్నాడు, తల వంచలేదు. ఈ మాట నేను ప్రత్యేకంగా రాస్తున్నాను, ఎందుకంటే నేను ప్రత్యేకంగా చూశాను.

నాసిర్ ఆ సాయంత్రమే బదిలీకి కంప్యూటర్‌లో అర్జీ పెట్టాడు.

వెనక్కి

నేను బయల్దేరేనాటికి గడువు రెండు రోజులుంది. అర్జీ ఇంకా కదల్లేదు. కాంపు గేటు దగ్గర రాజయ్య నా సంచిలో ఒక ఖర్జూరాల డబ్బా కుక్కాడు. వద్దంటే వినలేదు.

"అయితదా కాదా?" అన్నాను.

"అయితె మంచిదే. కాకుంటె ఇంటికొస్త. ఉత్తరమైతె నాదగ్గర ఉంటది గద." కారు తలుపు ఆయనే వేశాడు. "పైలం తమ్మీ."

అప్పటిదాకా నేను సారుని. పది రోజుల్లో రకరకాలుగా పిలిపించుకున్నాను. విమానాశ్రయంలో సుంకం లేకుండా తెచ్చుకున్నది ఆ ఒక్క తమ్మీనే.

కరీంనగర్ చేరిన మూడో రోజు, మా మేనమామకు జుబైల్ సందులు ఎంత తిన్నగా ఉంటాయో చెబుతుండగా ఫోన్ మోగింది. రాజయ్య పంపిన ఫోటో. కొత్త ఇకామా కార్డు. కింద ఆయన గొంతుతో సందేశం: "తమ్మీ, గడువు ఒక్క దినం ఉండంగ వచ్చింది. ముగ్గురితోని చదివిపిచ్చిన. నువ్వు గూడ చూడు, సరింగనే రాసిన్రా?"

నాకు అరబ్బీ రాదు. ఆ ఒక్క మాట మాత్రం నాసిర్ దగ్గర రాయించుకుని పెట్టుకున్నాను. ఒక్కో గీతా పోల్చి చూశాను. ముష్రిఫ్.

"సరిగ్గానే రాసిన్రు, రాజయ్యన్నా" అని పంపాను.

కాసేపటికి ఇంకో ఫోటో వచ్చింది. ఈసారి మాటల్లేవు. కొత్త చోట, కొత్త గొట్టం, కొత్త బోల్టులు మెరుస్తున్నాయి. వాటి పక్కన తెల్ల రంగు ఇంకా తడిగా, రా. దాని ముందు గానీ వెనక గానీ ఏ బిరుదూ లేదు.